పదకొండు నంబరు గ్లవ్

సాఫ్ట్‌బాల్ మ్యాచ్ మూడో ఇన్నింగ్స్‌లో భాగ్యశ్రీ వేసిన నాలుగు స్లో బాళ్లనూ అవతలి పిల్లలు ఆగి కొట్టారు.

ఆమెకు అర్థం కానిది ఆ ఆగడమే. ఫాస్ట్ బాల్‌ను కొడితే కొట్టనీ, ఆటలో అది మామూలే. స్లో బాల్ సంగతి వేరు. అదే ఊపు, తొడ పక్కనుంచి అదే విసురు. బంతి మాత్రం అరచేతిలో లోతుగా కూర్చుని, సగం వేగంతో పోతుంది. బ్యాట్ పట్టుకున్న పిల్ల తొందరపడి ఊపేశాక తీరిగ్గా ఆమె ముందు నేల మీదున్న ప్లేటు పైకి వస్తుంది. రెండేళ్లుగా భాగ్యశ్రీకి జట్టులో పేరు తెచ్చింది ఆ బంతే. ఇవాళ వీళ్లు బ్యాట్‌ను భుజం మీదే ఉంచుకుని, బంతి దగ్గరికి వచ్చేదాకా చూసి, కుడివైపు ఖాళీలోకి కొడుతున్నారు. ఏది రాబోతోందో ముందే ఎవరో చెప్పినట్టు.

నల్లగొండలో జోనల్ పోటీలు మొదలైన రోజది. నకిరేకల్ దగ్గరి గురుకులం నుంచి భాగ్యశ్రీ వాళ్లు వచ్చారు. మొదటి మ్యాచే మహబూబ్‌నగర్ వైపు గురుకులంతో పడింది. ఆదివారం మధ్యాహ్నం ఈ గ్రౌండ్‌లోనే రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఎంపిక చేస్తారు. భాగ్యశ్రీ లాంటి పదో తరగతి వాళ్లకు ఇదే చివరి అవకాశం.

ఏ బంతి వేస్తున్నదీ ఆటలో ఇద్దరికే తెలుస్తుంది. ఒకరు బంతి వేసే పిచ్చర్, ఒకరు పట్టుకునే క్యాచర్. ప్లేటు వెనుక గొంతుక్కూర్చున్న క్యాచర్ తొడల మధ్య వేళ్లు చూపుతుంది. ఒక వేలు చూపితే ఫాస్ట్, రెండు చూపితే స్లో. భాగ్యశ్రీకి క్యాచర్ మనస్విని. జూన్‌లోనే ఈ బడికి వచ్చింది. అంతకు ముందు నాలుగేళ్లు చదివిందీ ఆడిందీ ఇప్పుడు ఎదురుగా నిలబడి కొడుతున్న ఈ జట్టులోనే.

ఐదో స్లో బాల్ కూడా పోయాక మనస్విని అంపైర్‌ను అడిగి ఆట ఆపించింది. ముఖం మీది జాలీ పైకెత్తుకుని పిచ్చర్ గీత దాకా నడిచి వచ్చి, చిన్న గొంతుతో అంది.

"చెయ్యి జర లోపలికి పెట్టుకో. కనవడతాంది."

"నా చెయ్యి నాకు ఎరుకే. నువ్వు నీ జాగల ఉండు."

మనస్విని ఇంకేదో అనబోయి, గ్లవ్ వైపు ఒకసారి చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఆ చూపు భాగ్యశ్రీకి కొత్త కాదు. నెల రోజుల నుంచీ ఆ పిల్ల కళ్లు ఈ గ్లవ్ మీదే ఉన్నాయి. ఒకసారి ఇటివ్వమని అడిగి, తన చెయ్యి పెట్టి చూసింది. ఇంకోసారి జానతో కొలిచి, నీకిది చిన్నగైతాంది అంది. ఆ పిల్ల తన గ్లవ్ కొట్టేయాలని చూస్తోందని భాగ్యశ్రీ అప్పుడే అనుకుంది.

మ్యాచ్ ఎనిమిది మూడుతో పోయింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక భాగ్యశ్రీ వరండాలో గోడకు ఆనుకుని గ్లవ్‌కు కొబ్బరినూనె పట్టిస్తూ కూర్చుంది. బొటనవేలి మొదట్లో రెండు చుక్కలు వేసి, వేలి కొసతో తోలులోకి అద్దింది. కుట్ల దగ్గర ఎక్కువ అద్దింది. ఏడో తరగతిలో ఉండగా ఆటల టీచర్ స్వరూప మేడం ఇచ్చిన గ్లవ్ అది. బడిలో మిగతావన్నీ అందరివీ. మ్యాచ్ అయిపోగానే సంచిలోకి పోతాయి. ఇదొక్కటే పేరు పెట్టి ఒకరికి ఇచ్చింది. లోపలి పక్క బాల్‌పెన్నుతో బి.భాగ్యశ్రీ అని రాసి ఉంది. మణికట్టు దగ్గర తోలు మీద 11 అని అచ్చు ఉంది. ఆటగాళ్లకు ఉన్నట్టే గ్లవ్‌కూ ఏదో నంబరు ఉంటుందని ఆమె అనుకునేది. తన జెర్సీ నంబరు కూడా పదకొండే కావాలని పట్టుబట్టి తీసుకుంది.

వరండా ఎదురుగా నీళ్ల ట్యాంకు. పిల్లలు కంచాలు కడుక్కుంటున్నారు. బోరు మోటారు రొదలో ఎవరి మాటా వినపడటం లేదు. ట్యాంకు అవతలి పక్క మనస్విని నిలబడి ఉంది. ఆమె ఎదురుగా రూప. పొద్దున వీళ్లను ఓడించిన జట్టుకు పిచ్చర్ ఆ పిల్ల.

భాగ్యశ్రీ చెయ్యి ఆగిపోయింది.

రూప ఎడమ అరచెయ్యి చాపి, చూపుడువేలి కొస నుంచి మణికట్టు దాకా కుడిచేతి వేలితో గీత గీసింది. మనస్విని తల ఊపి ఏదో అడిగింది. మోటారు రొదలో రూపకు వినపడలేదు కాబోలు, చెవి దగ్గరికి తెచ్చింది. అప్పుడు మనస్విని చెయ్యెత్తి ఒక వేలు చూపింది. ఆ వెంటనే రెండు వేళ్లు చూపింది. రూప అవునన్నట్టు తలాడించింది. ఇద్దరూ ఇటు తిరిగారు. భాగ్యశ్రీ చూస్తోందని తెలియగానే మనస్విని చెయ్యి దించేసింది.

ఒక వేలు. రెండు వేళ్లు. ఇంకేం కావాలి?

భాగ్యశ్రీ నూనె సీసా మూత పెట్టడం మరిచిపోయి లేచింది.

స్వరూప మేడం స్టోర్ గదిలో బ్యాట్లకు తడిగుడ్డ పెట్టి తుడుస్తోంది. ఆమె ఖోఖో ఆడి పైకొచ్చిన మనిషి. ఈ బడిలో చేరాక సాఫ్ట్‌బాల్ నేర్పాలని పైనుంచి కాగితం వస్తే, రూల్సు పుస్తకం ముందు పెట్టుకుని, సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి తను నేర్చుకుంటూ పిల్లలకు నేర్పింది. కోపం ఎక్కువ, పిల్లలంటే ప్రాణం. పొద్దుటి ఓటమి తర్వాత ఇంకా అన్నం తినలేదు.

భాగ్యశ్రీ చూసింది చెప్పింది. మేడం బ్యాట్ తుడవడం ఆపకుండానే విన్నది. పాత దోస్తులు కలిసి మాట్లాడుకుంటే తప్పేముందంది. ఒకటి, రెండు అని వేళ్లు చూపిందని భాగ్యశ్రీ మళ్లీ చెప్పింది. మేడం తల ఎత్తింది.

"వేళ్లు చూపుడు కాదు. ఏమన్నదో నీ చెవులతోని విన్నవా?"

మోటారు ఇంకా మోగుతూనే ఉంది. ఆ రొద ఈ గదిలోకి కూడా వస్తోంది. తను చూసింది నిజమేనన్న నమ్మకం ఎంత గట్టిగా ఉందంటే, మిగిలిన కాస్తా తను పూడ్చినా అబద్ధం కాదనిపించింది.

"విన్న మేడం. రెండు వేళ్లు చూపితే స్లో బాల్ అని చెప్పింది."

మేడం గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. సరే పొమ్మంది.

మనస్వినిని పిలిచి అడగలేదు. సాయంత్రం హాజరు తీసుకునేటప్పుడు మాత్రం, రేపటి నుంచి నవనీత క్యాచర్‌గా కూర్చుంటుందని, సైగలన్నీ మారుతాయని, మనస్విని బయట కూర్చుని స్కోరు పుస్తకం రాస్తుందని చెప్పింది. ఎందుకు మేడం, అని మనస్విని అడిగింది. చెప్పిన పని చెయ్యమంది మేడం. కొత్త సైగలు నవనీతకూ భాగ్యశ్రీకీ వేరే పిలిచి చెప్పింది.

కారణం ఎవరూ చెప్పకపోయినా పిల్లలకు తెలిసిపోయింది. పడుకోవడానికి ఇచ్చిన తరగతి గదిలో జంపఖానాలు పరుచుకుంటూ, ఒకరొకరుగా మనస్విని పక్కనుంచి జరిగారు. ఆమె జంపఖానాకు రెండు వైపులా నేల కనిపించింది. ఆమె అది చూసి, బోర్డు వైపు తిరిగి పడుకుంది.

శనివారం పొద్దున వనపర్తి వైపు నుంచి వచ్చిన జట్టుతో మ్యాచ్. ఈ పిల్లల్లో మనస్వినికి తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నవనీత టోపీ ముట్టుకుంటే ఫాస్ట్, మోకాలు ముట్టుకుంటే స్లో. భాగ్యశ్రీ ధైర్యంగానే మొదలుపెట్టింది. తొలి ఇన్నింగ్స్‌లో ఇద్దరు తొందరపడి ఊపి అవుటయ్యారు. రెండో ఇన్నింగ్స్ వచ్చేసరికి వాళ్ల కోచ్ ఒక పిల్లను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఆ పిల్ల వచ్చి స్లో బాల్‌ను ఆగి కొట్టింది. తర్వాతి పిల్ల కూడా ఆగి కొట్టింది.

భాగ్యశ్రీ బయటికి చూసింది. మనస్విని సిమెంటు బెంచీ మీద స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాస్తోంది. పెన్ను కదులుతోంది. ఆ పెన్నుతోనే ఏమైనా చెబుతోందా? భాగ్యశ్రీ రెండు బంతులు బెంచీ వైపే చూస్తూ వేసింది. మనస్విని తల ఎత్తేది, బంతి వేయకముందే పుస్తకంలో ఏదో గుర్తు పెట్టేది, మళ్లీ చూసేది. కానీ వనపర్తి పిల్లలు ఎవరూ అటు తిరగడం లేదు. వాళ్ల చూపంతా ఎదురుగా తన మీదే ఉంది.

నవనీత మీద కూడా అనుమానం వచ్చింది. నాలుగో ఇన్నింగ్స్ మొదట్లో నవనీత దగ్గరికి పోయి, ఇక సైగలు వద్దు, ఏది వస్తే అది పట్టు అని చెప్పింది. నవనీత భయపడుతూనే ఒప్పుకుంది.

భాగ్యశ్రీ గీత మీద నిలబడి బంతిని గ్లవ్‌లోకి తీసుకుంది. స్లో బాల్ వేద్దామని మనసులో అనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నవనీతకు తెలియదు, బెంచీ మీద మనస్వినికి తెలియదు, మేడంకు తెలియదు. వేళ్లు మడిచి బంతిని అరచేతిలోకి నొక్కుకుంది, చెయ్యి తిప్పింది, వదిలింది.

బ్యాట్ భుజం మీదే ఉంది. పిల్ల ఆగింది. బంతి దగ్గరికి వచ్చాక కొట్టింది.

అది నేరుగా భాగ్యశ్రీ మీదికే వచ్చింది. నలభై అడుగుల దూరం. గ్లవ్ ఎత్తింది గానీ బంతి గ్లవ్ వేళ్ల కొసలకు తగిలి లోపల నిలవక, జారి ఎడమ భుజానికి కొట్టుకుంది. ఆమె నొప్పిని పట్టించుకోలేదు. బంతి ఎక్కడుందో కూడా చూడలేదు. అక్కడే నిలబడిపోయింది. ఈ బంతి గురించి తెలిసింది తనకొక్కదానికే. అయితే ఆ పిల్లకు ఎవరు చెప్పారు?

బ్యాట్‌తో జట్టు పిల్లలు బాగా ఆడటం వల్ల మ్యాచ్ తొమ్మిది ఎనిమిదితో దక్కింది. అందరూ చప్పట్లు కొట్టుకుంటూ నీళ్ల దగ్గరికి పోయారు. మనస్విని స్కోరు పుస్తకం మేడం చేతికిచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళ్లింది.

భాగ్యశ్రీ భుజానికి తడి తువ్వాలు వేసుకుని బెంచీ మీద కూర్చుని ఉండగా రూప వచ్చింది. చంకలో రెండు గ్లవ్‌లు ఉన్నాయి. మనూ ఏదని అడిగింది. లోపల ఉందని భాగ్యశ్రీ చెప్పింది. రూప పోలేదు. ఎదురుగా నిలబడి భాగ్యశ్రీ ఒళ్లోని గ్లవ్‌ను చూసింది.

"గిదేనా? మనూ నిన్ననే చెప్పింది. నీకు నా పాతది ఒకసారి పెట్టి చూడమన్నది."

భాగ్యశ్రీకి ఒళ్లు మండింది. మొన్నటిదాకా గ్లవ్ చిన్నదన్నారు, ఇప్పుడు వీళ్ల గ్లవ్ అంటగడుతున్నారు. రేపు ఆఖరి మ్యాచ్. అలవాటు లేని గ్లవ్‌తో తను తడబడితే ఎవరికి లాభం? ఆ మాటే మొహం మీద అడిగింది. రూపకు కోపం రాలేదు. రేపు మా జట్టుకు మ్యాచే లేదు, నువ్వు ఓడితే నాకేమొస్తదని అంది. తర్వాత నలభై అడుగులు అడుగులతోనే కొలుచుకుంటూ పోయి, బ్యాట్ పట్టుకున్నట్టు ఒట్టి చేతులతో నిలబడింది.

"నీ గ్లవ్‌తోనే వెయ్యి. ఏ బాలో మనసుల అనుకో, నాకు చెప్పకు."

భాగ్యశ్రీ పట్టుదలతో లేచింది. బంతిని గ్లవ్‌లోకి తీసుకుని వేళ్లు సర్దుకుంది. చెయ్యి ఇంకా కదలలేదు.

"స్లో," అంది రూప.

వేసింది. స్లో బాలే. మళ్లీ సర్దుకుంది. ఫాస్ట్ అంది రూప. మళ్లీ ఫాస్ట్ అంది. తర్వాత స్లో. ఎనిమిది బంతుల్లో ఎనిమిదీ చెయ్యి తిరగకముందే చెప్పింది. తొమ్మిదోది వేయడానికి భాగ్యశ్రీకి మనసు రాలేదు.

"మాకు ఎవరు చెప్పలే," అంది రూప దగ్గరికి వచ్చి. "నీ గ్లవే చెప్పింది. స్లో బాల్ పట్టినప్పుడల్లా గది నోరు తెరుస్తాంది."

రూప ఆ గ్లవ్‌ను భాగ్యశ్రీ ముఖానికి ఎదురుగా తిప్పించి, లోపల బంతి పెట్టి, కుడిచేత్తో స్లో బాల్ పట్టు పట్టించింది. వేళ్లు మడవగానే కణుపులు గ్లవ్ లోపలి గోడను నెట్టాయి. గ్లవ్ వేళ్లు బయటికి విచ్చుకున్నాయి. మణికట్టు సగం బయటే ఉండిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అల్లిన తోలు పట్టీల సందుల్లోంచి బంతి తెల్లగా కనిపించింది. ఫాస్ట్ బాల్ పట్టుకు గ్లవ్ కదలలేదు. ఇదంతా ఎదుటి మనిషికి కనిపిస్తుందే తప్ప వేసే మనిషికి కనిపించదు. బెంచీ మీద మనస్విని బంతికి ముందే పుస్తకంలో పెట్టిన గుర్తులు కూడా ఇది చూసి పెట్టినవే కాబోలు.

రూప తన బూటు లేసు విప్పింది. చూపుడువేలి కొస దగ్గర పట్టుకుని, గ్లవ్ గుంటలోంచి కిందికి, మణికట్టు వైపు అంచు దాకా దాన్ని ఆనించి వేలితో గుర్తు పట్టింది. వెంట తెచ్చిన అడుగు స్కేలు మీద పెట్టి కొలిచింది. పదకొండు అంగుళాలు.

"గీ పదకొండు అని రాసి ఉన్నది గదే. సైజు. చిన్న పిల్లలకు."

భాగ్యశ్రీ ఆ అంకె వైపు చూసింది. మూడేళ్లు చూసిన అంకె. చెప్పులకు సైజు ఉంటుందని తెలుసు. ఇది ఏడో తరగతి చేతికి సరిపోయిన గ్లవ్. ఆ తర్వాత తను జానెడు పొడుగు పెరిగింది. చెయ్యి కూడా పెరుగుతుంది కదా అని ఎన్నడూ అనుకోలేదు.

అయినా అనుమానం పూర్తిగా పోలేదు. రూప తెచ్చిన రెండింటిలో పెద్దదాన్ని లాక్కుంది. దాచడానికైతే పెద్దదే మంచిది కదా అంది. తొడుక్కుంటే చెయ్యి లోపల ఈదింది. రూప దూరం నుంచి బంతిని గట్టిగా విసిరింది. భాగ్యశ్రీ గ్లవ్ ఎత్తేసరికి ఆలస్యమైంది. రెండోసారి బంతి గ్లవ్ లోపల ఎక్కడో పడి, తీయడానికి వెతుక్కోవాల్సి వచ్చింది. అది పదమూడని, దూరంగా నిలబడి గాల్లో బంతులు పట్టేవాళ్లదని రూప చెప్పింది. నీ మీదికి నలభై అడుగుల నుంచి కొట్టుకొస్తది, ఇంత బరువు ఎత్తేలోపల మూతి పగులతది అంది.

మూడోది పన్నెండు. అల్లికలో సందులు లేకుండా మూసుకుపోయిన గ్లవ్. చెయ్యి లోపలికి పోయి మణికట్టు దగ్గర ఆగింది. పట్టీ ఒక రంధ్రం బిగిస్తే కదలకుండా కూర్చుంది. భాగ్యశ్రీ వేళ్లు మూసింది, గ్లవ్ మూసుకుంది. స్లో బాల్ పట్టు పట్టింది. పైన తోలు కదల్లేదు. మళ్లీ నలభై అడుగుల దూరంలో ఎనిమిది బంతులు వేసింది. రూప ఐదింటికి తెల్వదు అంది, చెప్పిన మూడింట్లో ఒకటి తప్పింది.

"నిన్న ట్యాంకు కాడ గదే అడిగింది మనూ," అంది రూప లేసు కట్టుకుంటూ. "నా పాతది పన్నెండుదేనా అని. మోటరు చప్పుడుకు నాకు వినపడలే. ఒకటి పక్కన రెండు, పన్నెండు అని వేళ్లతోని చూపిచ్చింది."

భాగ్యశ్రీ గ్లవ్ విప్పలేదు.

"అవునే, మనూ ఇయ్యాల ఎందుకు ఆడలే?" అని అడిగింది రూప.

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతులోకి వచ్చింది కూడా.

"తెల్వదు," అంది భాగ్యశ్రీ.

ఆదివారం పొద్దున మ్యాచ్‌కు ముందే మేడంతో చెప్పాలనుకుంది. మేడం పిల్లలకు కాళ్లు సాగదీయించే పనిలో ఉంది. మ్యాచ్ అయ్యాక చెబుదాంలే అనుకుంది. కొత్త గ్లవ్ ఎక్కడిదని మేడం అడిగితే, రూప ఇచ్చిందని, పాతది చిన్నదైందని చెప్పింది. గ్లవ్‌లకు కూడా సైజులుంటాయని నాకు తట్టనే లేదని మేడం నొచ్చుకుంది. దుకాణం వాడు పంపిన పెట్టె పంపినట్టే పంచేశానంది.

మనస్విని స్కోరు పుస్తకం తీసుకుని బెంచీ మీద కూర్చుంది. భాగ్యశ్రీ చేతికి పన్నెండు నంబరు గ్లవ్ చూసింది. పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

భాగ్యశ్రీ ఆ రోజు వేసినంత బాగా ఎప్పుడూ వేయలేదు. స్లో బాల్ వచ్చినప్పుడల్లా ఎదుటి పిల్లలు ముందే ఊపి, ఒట్టి గాలిని కొట్టి, ముందుకు తూలారు. తొమ్మిది మంది ఆమె చేతిలో నేరుగా అవుటయ్యారు. ప్రతి అవుట్‌కూ పిల్లలు కేకలు వేశారు. ఆమె ప్రతిసారీ బెంచీ వైపు చూసింది. మనస్విని రాసుకుంటోంది. ఇంతకు ముందు సంతోషం వస్తే ఎట్లా ఉండేదో భాగ్యశ్రీకి తెలుసు. ఇవాళ అది రాలేదు.

మ్యాచ్ అయిపోయింది. అప్పుడు కూడా చెప్పలేదు.

రెండు గంటలకు ఎంపిక చేసే దశరథ్ సార్ షామియానా కింద నిలబడి పదహారు పేర్లు చదివాడు. నాలుగో పేరు బి.భాగ్యశ్రీ. తొమ్మిదోది రూప. క్యాచర్లుగా వేరే బళ్ల పిల్లలు ఇద్దరు. చప్పట్లయ్యాక ఆయన స్వరూప మేడం దగ్గరికి వచ్చి, మాటవరుసకు అడిగాడు.

"మొదటి రోజు మీ క్యాచర్ పిల్ల మంచిగ చేసింది మేడం. నేను పేరు గూడ రాసుకున్న. మల్ల రెండు మ్యాచ్‌లు కనవడలే. దెబ్బ గిట్ల తగిలిందా?"

మేడం ఏదో గొణిగింది. భాగ్యశ్రీ రెండడుగుల దూరంలో ఉంది. పక్కన ఎవరో ఆమె భుజం తడుతున్నారు, దెబ్బ తగిలిన భుజాన్నే. దశరథ్ సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

"మేడం, నేను వినలే," అంది భాగ్యశ్రీ.

ఏం వినలేదని మేడం అడిగింది.

"ట్యాంకు కాడ మనస్విని ఏమన్నదో నేను వినలే. మోటరు నడుస్తాంది. విన్న అని అబద్ధం చెప్పిన. అది గ్లవ్ సైజు అడిగింది. నా కోసం."

మేడం ముఖంలో రంగు మారింది. చెయ్యి లేచింది గానీ కొట్టలేదు. ఆ చెయ్యి తన నుదుటికే పోయింది. అప్పటికే జీపు వైపు కదిలిన దశరథ్ సార్ వెనుక గబగబా నడిచింది. ఇద్దరూ జీపు దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఒక్క మ్యాచ్ ఆడిన పిల్లను పెట్టి, మూడు ఆడిన పిల్లను తీసేస్తే ఆ పిల్లకు ఏం చెప్పాలని అడిగాడు. వచ్చే నెల హైదరాబాద్‌లో మిగిలిన రెండు జాగాలకు అందరికీ ట్రయల్స్ ఉంటాయని, తీసుకొస్తే చూస్తానని అన్నాడు.

మేడం వచ్చి మనస్వినిని పక్కకు పిలిచి సంగతంతా చెప్పింది. మనస్విని తల వంచుకుని విన్నది. ట్రయల్స్ మాట చెప్పినప్పుడు కూడా తల ఎత్తలేదు. చివరికి ఒక్కటే అడిగిందట, మీరు నన్ను పిలిచి ఎందుకు అడగలేదు మేడం, అని.

నాలుగింటికి బస్సు బయలుదేరింది. బడి కోసం మాట్లాడిన పాత బస్సు. గెలిచిన పిల్లలు పాటలు పాడుతున్నారు. మనస్విని ముందు వరుసలో కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుంది. పక్క సీటు ఖాళీ. నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీలు అడ్డంపడి బస్సు ఆగింది. భాగ్యశ్రీ లేచి ఆ ఖాళీ సీటు దగ్గర నిలబడింది. నేను చెప్పింది తప్పు అని మెల్లగా అంది. మనస్విని కిటికీలోంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చింది.

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుక లేదా? వాళ్లకు చెప్పు."

భాగ్యశ్రీ వెనక్కి తిరిగింది. బస్సులో పద్నాలుగు మంది. పాట ఒక చరణం మధ్యలో ఉంది. ఆమె సీటు రాడ్డు పట్టుకుని నిలబడింది. ముందు ఇద్దరు చూశారు, తర్వాత నలుగురు, పాట ఆగిపోయింది. ఆమె చెప్పింది. ట్యాంకు దగ్గర తను చూసిందేమిటో, విననిది విన్నానని చెప్పిందేమిటో, చేతిలోని ఈ గ్లవ్ ఎవరు అడిగితే వచ్చిందో. నిన్న రూప అడిగినా చెప్పలేదని, పొద్దున కూడా కావాలనే చెప్పలేదని, తన పేరు వచ్చాకే నోరు తెరిచానని కూడా చెప్పింది. ఆ చివరి మాట ఎవరూ అడగలేదు.

నవనీత తల దించుకుంది. అప్పుడు మేడం డ్రైవర్ వెనుక సీటులోంచి లేచి, నేను పిలిచి అడగాలె, అడగలే, అది నా తప్పు అని అంది. పిల్లల ముందు ఆమె తప్పు ఒప్పుకోవడం వాళ్లు అంతకు ముందు చూడలేదు. లారీలు కదిలాయి. బస్సు నకిరేకల్ దారి పట్టింది. కొంచెం దూరం పోయాక నవనీత లేచి వచ్చి, మనస్విని పక్కన ఖాళీ సీటులో కూర్చుంది. భాగ్యశ్రీ నిలబడే ప్రయాణం చేసింది.

సోమవారం పొద్దున ఐదున్నరకు భాగ్యశ్రీ బడి గ్రౌండ్‌కు పోయేసరికి మనస్విని ప్లేటు వెనుక కాళ్లకు ప్యాడ్లు కట్టుకుంటోంది. ట్రయల్స్‌కు నెల కూడా లేదు. ఆమెకు బంతులు వేసే పిచ్చర్ కావాలి, బడిలో ఉన్న పిచ్చర్ భాగ్యశ్రీ ఒక్కతే. మంచు ఇంకా విడవలేదు. గడ్డి తడికి బూట్లు నానుతున్నాయి.

భాగ్యశ్రీ గీత మీద నిలబడి సైగ కోసం చూసింది. మనస్విని గొంతుక్కూర్చుని, ఎడమ చేతికున్న క్యాచర్ గ్లవ్ ముందుకు చాపింది. కుడి చెయ్యి వీపు వెనుక పెట్టుకుంది. భాగ్యశ్రీ ఆగింది. ఏది వేయాలని అడిగింది.

"నేను వేళ్లు చూపియ్య," అంది మనస్విని జాలీ వెనుక నుంచి. "నువ్వే చూపియ్యి. నేను పట్టుకుంట."

పిచ్చర్ సైగ చేయడం ఎక్కడా ఉండదు. నలభై అడుగుల దూరానికి కనపడాలంటే చెయ్యి బాగా పైకెత్తాలి; అప్పుడు గ్రౌండ్‌లో ఎవరున్నా వాళ్లకూ కనపడుతుంది. భాగ్యశ్రీ ఆ మాట అందామనుకుని అనలేదు. కుడి చెయ్యి తల కంటే పైకెత్తి రెండు వేళ్లు చూపింది. మనస్విని అవునన్నట్టు గ్లవ్‌ను కొంచెం కిందికి దించింది. భాగ్యశ్రీ బంతి తీసుకుని, అరచేతిలో లోతుగా పెట్టి, వేళ్లు మడుచుకుంది.